అమ్మ పోతున్నప్పుడూ మనసు వాక్యాలు కట్టుకుంటూనే ఉంది

ప్రశ్న: నా వయసు 46. నవలలు రాస్తాను. పది నెలల క్రితం అమ్మ పోయింది. ఆఖరి రోజుల్లో పక్కనే ఉన్నాను. కానీ అప్పుడు కూడా ఆమె ఊపిరి ఎలా మారుతోందో, దాన్ని ఏ మాటల్లో చెప్పొచ్చో నా మనసు వెతుకుతూనే ఉంది. అది తలచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తోంది. సగం రాసిన నవల కదలడం లేదు. ఏం రాయబోయినా అమ్మే వస్తోంది. రాస్తే అసలు జ్ఞాపకం చెరిగిపోయి, నేను రాసిందే మిగులుతుందేమోనని భయం. ‘అమ్మను కూడా కథ చేసేస్తావా అక్కా?’ అంది చెల్లెలు. పబ్లిషర్‌కి ఇచ్చిన గడువు దగ్గర పడుతోంది. ఏం చేయాలి? – ఒక రచయిత్రి

జవాబు: నవల సంగతి తర్వాత చూద్దాం. ముందు అమ్మ మంచం పక్కన జరిగిన దాని గురించి మాట్లాడుకోవాలి.

అమ్మ ఊపిరి మారడం మీకు తెలిసిందంటే మీరు పూర్తిగా అక్కడే ఉన్నారు. చూడలేక బయటికి వెళ్లిపోయినవాళ్లకు అది తెలియదు. వాళ్లనూ తప్పు పట్టలేం, తట్టుకోలేకే వెళ్తారు. ఏళ్ల తరబడి మనుషుల్ని గమనించి మాటల్లో పెట్టడమే పనిగా బతికిన మనసు, భయం ముంచుకొచ్చినప్పుడు తనకు చేతనైన ఆ పనినే పట్టుకుంటుంది. మీ స్థానంలో నర్సుగా పనిచేసే కూతురు ఉంటే సెలైన్ ఎలా ఎక్కుతోందో చూస్తూ ఉండేది. ఆమెకు ప్రేమ లేదని మీరంటారా? మరి మీకు మీరే ఎందుకు శిక్ష వేసుకుంటున్నారు?

ఇంకో మాట. దగ్గరివాళ్లు పోయాక చాలామందిలో తప్పు చేశామన్న భావం వస్తుంది. అది ఏదో ఒక ఆధారం వెతుక్కుంటుంది. ఇంకాస్త ముందే డాక్టరుకి చూపించాల్సింది, ఆ రోజు అలా కసురుకోకుండా ఉండాల్సింది అని కుమిలిపోయేవాళ్లు ఎందరో. మీలో అది మీ రాతను పట్టుకుంది. అందుకే నవల కూడా ఆగిపోయిందని నాకనిపిస్తోంది. పెన్ను పట్టుకున్న ప్రతిసారీ మీరు నేరం చేసిన చోటికి తిరిగొచ్చినట్టు కూర్చుంటున్నారు. అలా కూర్చుంటే ఎవరికైనా వాక్యం ఎలా వస్తుంది?

రాస్తే జ్ఞాపకం మారిపోతుందన్న మీ భయంలో నిజం ఉంది. కాదని ఓదార్చను. గుర్తు చేసుకోవడమంటే దాచిపెట్టినదాన్ని తీసి చూడటం కాదు, ప్రతిసారీ కొంత కొత్తగా అల్లుకోవడమేనని ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1932లోనే చూపించాడు. అయితే మీరు రాయకపోయినా అది మారుతూనే ఉంటుంది. కాబట్టి ఒక నోట్‌బుక్ విడిగా పెట్టుకోండి. అందులో వర్ణన వద్దు, శిల్పం అసలే వద్దు. అమ్మ అన్న మాట అన్నట్టుగానే రాయండి. సరిగ్గా గుర్తులేని చోట ‘గుర్తులేదు’ అని రాసేయండి. ఎప్పుడైనా అందులోది నవలలోకి వెళ్తే వెళ్లనివ్వండి, కానీ నోట్‌బుక్‌లో మాత్రం ఒక్క అక్షరం దిద్దకండి. ఫ్రెంచి రచయిత రోలాఁ బార్త్ 1977 అక్టోబరులో తల్లి చనిపోయిన మర్నాటి నుంచే చిన్న చిన్న కాగితాల మీద రాసుకోవడం మొదలుపెట్టాడు. ఆయన 1980లో పోయాడు, ఆ కాగితాలు పుస్తకంగా వచ్చింది 2009లో. రాసిందల్లా పుస్తకం కానక్కర్లేదు. మీలాంటివాళ్లు మర్చిపోయేది సరిగ్గా ఇదే.

నోట్‌బుక్‌తో రోజుకు పావుగంట చాలు. మనసులోని బాధను వరసగా నాలుగు రోజులు, రోజుకు పదిహేను నిమిషాల చొప్పున రాయించిన అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ పెన్నిబేకర్ ప్రయోగం (1986) ఒకటుంది. రాసిన వెంటనే వాళ్ల మనసు ఇంకా బరువెక్కింది. మీకూ అలా జరిగితే కంగారు పడకండి. పైగా ఆప్తులు పోయిన బాధలో ఈ పద్ధతి అందరికీ ఒకేలా పనిచేయదు. రెండు వారాలు చూసి, మరీ కుంగదీస్తుంటే ఆపేయండి.

అమ్మ గుర్తురాని రోజు వస్తే దాన్ని ద్రోహం అనుకోవద్దు. మార్గరెట్ స్ట్రోబె, హెంక్ షుట్ అనే పరిశోధకులు 1999లో చెప్పింది ఇదే: దుఃఖంలో ఉన్న మనిషి కాసేపు పోయినవాళ్ల వైపు, కాసేపు బతుకు పనుల వైపు మళ్లుతూ ఉండటమే సహజం. మనసు పని వైపు మళ్లిన రోజున నవల తీయండి. కొత్త అధ్యాయం అక్కర్లేదు, పాత పేజీలు దిద్దితే చాలు. పబ్లిషర్‌కి ఈ వారమే విషయం చెప్పి గడువు పెంచమనండి. టెన్షన్‌లో రాసి ఇచ్చే పుస్తకం ఆయనకూ అక్కర్లేదు.

ఒక హెచ్చరిక మాత్రం తప్పదు. నెలలు గడుస్తున్నా దాదాపు ప్రతి రోజూ అదే తీవ్రతతో బాధ ఉండి, నిద్ర, తిండి, మామూలు పనులు కుంటుబడితే దానికి చికిత్స ఉంది. సైకియాట్రిస్టునో సైకాలజిస్టునో కలవండి. బతకాలని లేదనిపిస్తే మాత్రం ఆ రోజే కలవాలి, ఇంట్లోవాళ్లకూ చెప్పాలి.

ఇక మీ చెల్లెలు. ఆమెకూ అమ్మ పోయింది. మీ చేతిలో రాత ఉంది, మీరు రాసిన అమ్మే రేపు లోకానికి మిగులుతుంది. తనకు తెలిసిన అమ్మ అందులో ఉండదేమోనని ఆమె భయం కావచ్చు. రచయితకు స్వేచ్ఛ ఉందంటూ వాదనకు దిగకండి. ‘నీకు అమ్మ ఎలా గుర్తుంది?’ అని అడిగి, మధ్యలో సరిదిద్దకుండా వినండి. మీకు తెలియని సంగతులు కచ్చితంగా ఉంటాయి. ఎప్పటికైనా అమ్మ గురించి ప్రచురిస్తే, అచ్చుకు వెళ్లే ముందు తనకు చూపిస్తానని, తన గురించి ఉన్న భాగం వద్దంటే తీసేస్తానని ఇప్పుడే మాటివ్వండి.