స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్‌కు ఏ కాలేజీ?

ప్రశ్న: ఆటలంటే ప్రాణం. స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్ చదవాలనుంది. కాలేజీని ఎలా ఎంచుకోవాలి?

జవాబు: ముందు సిలబస్ తెప్పించుకోండి. అకౌంట్స్, మార్కెటింగ్, కాంట్రాక్టు చట్టం, ఈవెంట్ నిర్వహణ ఉండాలి. ఫిట్‌నెస్, కోచింగ్ పాఠాలే ఎక్కువుంటే అది వ్యాయామ విద్యకు దగ్గరి కోర్సు, ఆటల నిర్వహణ, వ్యాపారం చూసే ఉద్యోగానికి అక్కరకు రాదు.

అన్నిటికంటే ముఖ్యం ఇంటర్న్‌షిప్. ‘క్లబ్బులతో ఒప్పందాలున్నాయి’ అంటే సరిపెట్టుకోకండి. కిందటి బ్యాచ్‌లో ఎవరు, ఎక్కడ, ఎన్ని వారాలు, ఏ పని చేశారో అడగండి. వీలైతే వాళ్లతోనే మాట్లాడండి. మ్యాచ్ రోజు గేటు దగ్గర నిలబెడితే నేర్చుకునేది తక్కువ. టికెట్ అమ్మకాల లెక్కలు, స్పాన్సర్‌కు మాటిచ్చిన బోర్డులు సరైనచోట పెట్టారో లేదో చూసే పని ఇస్తే అది అసలైన శిక్షణ.

కోర్సుకు గుర్తింపు ఉందో లేదో చూసుకోండి. ఫీజు భారమైతే మామూలు కామర్స్ డిగ్రీ చేస్తూ టోర్నమెంట్లలో వాలంటీర్‌గా పనిచేయండి. స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్‌ను తర్వాత పీజీలో తీసుకోవచ్చు.