వాన చుక్క లేదు, ఈ దోమలెక్కడివి?

ప్రశ్న: మాది కడప చిన్నచౌకు. ఇంటి వెనక కాస్త పెరడుంది. ఎండలకి తట్టుకోలేక సాయంత్రం అక్కడే మంచం వేసుకుంటాం. అయిదు కూడా కాకముందే దోమలు పాదాలు పీకేస్తున్నాయి. తులసి, నిమ్మగడ్డి పెంచాం. వేపాకు పొగ వేస్తున్నాం. వీధిలో మందు పొగ కొట్టినా మర్నాటికి మామూలే. కొళాయి రోజూ రాదు కాబట్టి నీళ్లు డ్రమ్ముల్లో పట్టుకుంటాం, మూతలూ పెడతాం. నెలలుగా వాన లేదు, ఇన్ని దోమలు ఎక్కణ్ణుంచి వస్తున్నాయి సార్?
- ఒక పాఠకురాలు

జవాబు: జవాబు మీ ఉత్తరంలోనే ఉందమ్మా. మురుగుకాలువ దోమ చీకటి పడ్డాక కుడుతుంది. ఎండ ఉండగానే వచ్చి పాదాలు, చీలమండలు వెతుక్కునేది కాళ్లమీద తెల్లచారలుండే ఏడిస్ దోమ. డెంగీ, చికున్‌గున్యా తెచ్చేది అదే. అది మామూలుగా ఎక్కువ దూరం ఎగరదు, చుట్టుపక్కల ఇళ్లలోనే తిరుగుతుంది. అంటే చాలావరకు పుట్టింది మీ ఇంట్లోనో, పక్కిళ్లలోనో. దానికి వానతో పనిలేదు, మీరు పట్టుకున్న మంచినీళ్లు చాలు.

మలేరియా విభాగంలో ఇల్లిల్లూ తిరిగిన రోజుల్లో నా టార్చి ముందు డ్రమ్ములోకే వెళ్లేది. మీరూ వేసి చూడండి. నీళ్లపైన తలకిందులుగా వేలాడే సన్నటి పురుగులు కదలిక తగలగానే మెలికలు తిరుగుతూ అడుక్కి దిగిపోతాయి. అవి లార్వాలు. అసలు చూడాల్సింది నీటి అంచుకి కాస్త పైన, డ్రమ్ము లోపలిగోడ. అక్కడ మసి రాలినట్టు నల్లటి చుక్కలుంటే అవి గుడ్లు. ఎండిపోయినా నెలల తరబడి చావవు. కొళాయి వచ్చినరోజు మనమేం చేస్తాం? సగం మిగిలిన పాతనీళ్లమీదే కొత్తవి పట్టేస్తాం. నీరు గుడ్లదాకా ఎక్కిందంటే పిల్లలు బయటికొస్తాయి. మన ఎండలకి వారం పదిరోజుల్లో దోమలై లేస్తాయి.

నీళ్లు పారబోయమని ఏప్రిల్‌లో కడపవాళ్లకి చెప్పేంత ధైర్యం నాకు లేదు. కొళాయి వచ్చేముందు మిగిలినవి మొక్కలకి పోయండి, మట్టిలో లార్వా బతకదు. వాడుకుంటామంటే పాత పంచెలో వడగట్టండి. తర్వాత ఖాళీ డ్రమ్ము లోపలిగోడని కొబ్బరిపీచుతో గట్టిగా రుద్దాలి. ఊరికే తొలిపితే గుడ్లు ఊడిరావు. వారానికోసారి ఈ పని తప్పదు. ఫ్రైడే-డ్రైడే అని శుక్రవారం పెట్టారు కానీ, మీకు కొళాయి ఏ రోజు వస్తే అదే డ్రైడే అనుకోండి.

మూతలు పెడతాం అన్నారు. ప్లాస్టిక్ మూత ఒకవైపు లేచే ఉంటుంది, దోమకి ఆ సందు చాలు. పాతచీర ముక్క పరిచి తాడుతో బిగించండి. గుడ్డ జారి నీళ్లలో మునిగితే మాత్రం కట్టినా కట్టనట్టే. కడపబండల తొట్టి లాంటిది ఉండి, దాన్ని ఖాళీ చేయలేకపోతే గంబూజియా చేపల కోసం మలేరియా ఆఫీసులో అడగండి. లార్వాల్ని అవి తినేస్తాయి. పెరట్లో ఓ మూల పాతరోలు ఉందేమో చూడండి. గుంతలో నీళ్లు నిలిచి ఉంటాయి, ఎవరూ పట్టించుకోరు. పిట్టలకి పెట్టే నీళ్ల మూకుడూ, ఫ్రిజ్ వెనక ట్రే కూడా అంతే.

తులసికి దణ్ణం పెట్టుకోండి, దోమలపని మాత్రం అప్పగించకండి. మొక్క ఉన్నంత మాత్రాన దోమ పోదు. వేపాకు పొగ, పొగ ఉన్నంతసేపే. ఇంట్లో ఆయాసం ఉన్నవాళ్లుంటే అదీ వద్దు. మందు పొగకి ఎగిరే దోమలే చస్తాయి, నీళ్లలో ఉన్నవాటికి ఏమీ కాదు. సాయంత్రం మంచం పక్కన టేబుల్ ఫ్యాను కాళ్లవైపు తిప్పి పెట్టుకోండి. గాలికి ఎదురెగిరే శక్తి దోమకి లేదు. రాత్రి కూడా కుడుతున్నాయంటే అవి వేరే దోమలు, మురుగులో పుట్టేవి. సెప్టిక్ ట్యాంకు గాలిగొట్టానికి పైన వలగుడ్డ కట్టండి.

ప్రశ్న: కూలర్ నీళ్లలో దోమలు పుట్టకుండా కిరసనాయిలు వేయమంటున్నారు. వేయొచ్చా?
- ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: వద్దు బాబూ. ఆ వాసన గాలితోపాటు గదిలోకే వస్తుంది, పైగా కరెంటు వస్తువు. వారానికోసారి ప్లగ్గు తీసి, నీళ్లన్నీ వదిలేసి, ట్యాంకు రుద్ది ఓ పూట ఆరనివ్వండి. జూన్‌లో అటకెక్కించే ముందు కూడా ఇలాగే చేయండి. లేకపోతే గోడకంటుకున్న గుడ్లు మళ్లీ నీళ్లు పోసేదాకా అక్కడే ఉంటాయి. పాత గడ్డిప్యాడ్లు మాత్రం దాచకండి, పారేయండి.