పాట మధ్యలో కత్తెర

ప్రశ్న: డోర్స్ బ్యాండ్ 'లైట్ మై ఫైర్' ఆల్బమ్‌లో ఏడు నిమిషాలుంది, రేడియో వెర్షన్ మూడు నిమిషాలు కూడా లేదు. మధ్యలో వాయిద్యాలు ఏమయ్యాయండీ?

జవాబు: కోసేశారండీ, అదీ ఆల్బమ్ నిర్మాత పాల్ రోత్‌చైల్డే! 1967లో అమెరికా ఏఎం రేడియో స్టేషన్లు మూడు నిమిషాలు దాటిన పాటంటే మొహం చాటేసేవి (పాట చిన్నదైతే ఇంకో ప్రకటన పడుతుంది కదా), పైగా సింగిల్‌గా అమ్మే 45 ఆర్‌పీఎం (నిమిషానికి 45 చుట్లు తిరిగే) చిన్న రికార్డులో నిడివి పెరిగేకొద్దీ శబ్దం తగ్గించాల్సి వస్తుంది. దాంతో రే మాంజరెక్ ఆర్గాన్, రాబీ క్రీగర్ గిటార్ సోలోలు దాదాపు మొత్తం ఎగిరిపోయాయి. అలా కుదించిన పాటే జులైలో అమెరికా బిల్‌బోర్డ్ హిట్ పాటల జాబితాలో నంబర్ వన్ అయింది, వ్యాపారంగా తప్పు పట్టలేం. కానీ ఆర్గాన్ మెల్లగా రాజుకుని, గిటార్ అందుకుని, ఇద్దరూ కలిసి మళ్లీ పల్లవి దగ్గరికి తీసుకొచ్చే ఆ దారే ఈ పాటకు ప్రాణం, అది లేని సింగిల్ నాకైతే నెయ్యి వేయని ముద్దపప్పే. శ్రోతలకు ఓపిక లేదంటారా? మరుసటి ఏడాదే బీటిల్స్ 'హే జూడ్' ఏడు నిమిషాల పైచిలుకు ఉండి కూడా నంబర్ వన్ కొట్టింది! ఫోన్‌లో వెతికేటప్పుడు నిడివి చూసి పెద్దదే నొక్కండి.