చెరువులో ఊదారంగు పూల పొదలు ఏంటివి? ఎందుకు అంతలా పెరుగుతాయి?

మీరు చెప్పిన గులాబీ-ఊదా గరాటా పూలు, హార్ట్ షేప్ ఆకులు చూస్తే అది లొట్టపీసు, కొన్ని చోట్ల తూటికాడ అంటారు, సైన్స్ పేరు ఐపోమియా కార్నియా. మన మొక్క కాదండీ, అమెరికా ఖండంలోని వేడి ప్రాంతాల నుంచి వచ్చింది, పూలు బాగున్నాయనీ కంచెకి పనికొస్తుందనీ నాటుకున్నారు, ఇప్పుడు చెరువు శిఖం, కాలవ గట్టు, మురుగు గుంట ఎక్కడ చూసినా అదే.

దీనికి కావాల్సిందల్లా మంచి ఎండ, కాస్త తడి. కాండం విరిచి చూడండి, పాలు కారతాయి, లోపల గొట్టంలా బోలుగా ఉంటుంది. నీళ్లు నిండితే కాండం కణుపుల దగ్గర వేర్లు వేసుకుని నిలబడుద్ది, ఎండాకాలం చెరువు ఎండిపోయినా చావదు. గడ్డకట్టే చలి మాత్రం తట్టుకోలేదు, కానీ మన దగ్గర ఆ చలి ఎక్కడిది!

విత్తనాలతో కూడా వస్తుంది గానీ అసలు గొడవ ముక్కలతోనే, నరికి గట్టు మీద పడేస్తే ఆ ముక్కే మళ్లీ మొలుస్తుంది, వరదకి కొట్టుకుపోయి కింది చెరువులో తేలుతుంది. అందుకే నరకడం దండగ, నీళ్లు తగ్గినప్పుడు వేర్లతో సహా పీకి, తడి తగలని చోట పూర్తిగా ఎండబెట్టాలి.

ఇంకోటి, మేకల్ని అటు పోనివ్వకండి. మామూలుగా ముట్టవు, మేత లేనప్పుడు తింటాయి, అలవాటు పడితే మళ్లీ మళ్లీ తిని బక్కచిక్కి, తల వణుకుతూ తూలుతూ నడుస్తాయి, ఇందులో ఉండే స్వైన్‌సోనిన్ అనే విషం నరాల మీద పనిచేస్తుంది.