పూర్వ విద్యార్థుల సమావేశంలో నేనైతే గుళ్ళపల్లి నాగేశ్వరరావు గారి గురించే మాట్లాడతాను

మెడికల్ కాలేజీ పూర్వ విద్యార్థుల సమావేశంలో, వృత్తిలో పైకొచ్చి జనానికీ పనికొచ్చిన ఒక డాక్టరు గురించి మాట్లాడాలి, ఎవరైతే బాగుంటుంది అని మీరు అడిగారు. నేను డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు గారి పేరు చెబుతాను. ఆయన చేసిన పని మా ఇంటిదాకా వచ్చింది కాబట్టి.

ఆయన గుంటూరు మెడికల్ కాలేజీలో డాక్టరు చదువు, ఢిల్లీ ఎయిమ్స్‌లో కంటి వైద్యంలో పీజీ పూర్తిచేసి అమెరికా వెళ్ళారు. కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) నిపుణుడిగా అక్కడ మంచి స్థాయిలో ఉండగానే తిరిగొచ్చి, 1987లో హైదరాబాద్‌లో నేత్ర వైద్య సంస్థ మొదలుపెట్టారు. సినీ దర్శకుడు ఎల్.వి.ప్రసాద్ గారు ఐదెకరాల స్థలం, కోటి రూపాయలు ఇచ్చారు, సంస్థకు ఆయన పేరే పెట్టారు. ఇదంతా చాలామందికి తెలిసిందే. ఆ తర్వాత నాగేశ్వరరావు గారు ఆలోచించిన తీరు నాకు ఇంకా గొప్పగా అనిపిస్తుంది.

నగరంలో ఎంత మంచి ఆసుపత్రి ఉన్నా పల్లెలో పెద్దవాళ్ళకు అది దూరమే. బస్సెక్కాలి, తోడు ఎవరైనా రావాలి, వచ్చినవాళ్ళకు ఆ రోజు కూలి పోతుంది. శుక్లం నొప్పి పెట్టదు కాబట్టి "ఈ వయసులో నాకెందుకులే" అని ఊరుకుంటారు. మా అమ్మమ్మ సరిగ్గా ఇదే మాట అంటూ ఏళ్ళు గడిపింది. చివరికి పక్క ఊళ్ళోనే ఆ సంస్థ వాళ్ళ విజన్ సెంటర్ ఉందని తెలిసి తీసుకెళ్ళాం. రెండు గదులంతే. చూసింది డాక్టరు కాదు, ఆ చుట్టుపక్కల అమ్మాయే, విజన్ టెక్నీషియన్. అమ్మమ్మకు చదువు రాదు. అందుకని గోడ మీది గుర్తు ఎటు తిరిగి ఉందో చేత్తో చూపించమంది. ట్రయల్ ఫ్రేమ్ పెట్టి, ఒక్కో అద్దం మారుస్తూ "ఇప్పుడు బాగుందా, ఇందాకే బాగుందా అమ్మా?" అని విసుక్కోకుండా అడిగింది. ఒక కంటికి అద్దాలు చాలవు, ఆపరేషన్ కావాలని చెప్పి ఎక్కడికి వెళ్ళాలో కాగితం మీద రాసిచ్చింది.

ఆ చిన్న గది వెనక పెద్ద లెక్కే ఉంది. దాన్ని పిరమిడ్ పద్ధతి అంటారు. అడుగున సుమారు 50 వేల జనాభాకు ఒక విజన్ సెంటర్. దాని పైన 5 లక్షల మందికి శుక్లాల ఆపరేషన్లు చేసే సెకండరీ సెంటర్, ఆపైన 50 లక్షల మందికి పెద్దాసుపత్రి, అన్నిటికన్నా పైన 5 కోట్ల మందికి హైదరాబాద్ లాంటి కేంద్రం. అప్పటి ఆదిలాబాద్ జిల్లా ముథోల్‌లో 1996లోనే గ్రామీణ కేంద్రం పెట్టారు. పల్లెకు డాక్టరు రాడని బాధపడుతూ కూర్చోకుండా, ఆ ప్రాంతపు పిల్లలకే ఏడాదిపాటు శిక్షణ ఇచ్చి పరీక్ష చేసే పని అప్పగించారు. ఊళ్ళో కంటి పరీక్షే కాదు, ఒక ఉద్యోగం కూడా పుట్టింది. డబ్బు కట్టగలిగినవాళ్ళ దగ్గర తీసుకుని, కట్టలేనివాళ్ళకు ఉచితంగా చేస్తారు. ఇద్దరికీ ఒకే నాణ్యత ఉండాలన్నది మొదటినుంచీ వాళ్ళ నియమం. నా దృష్టిలో అన్నిటికన్నా కష్టమైన పని ఇదే, ఎందుకంటే ఉచితం అనగానే ఏదో ఒకటిలే అనే అలవాటు మనలో బాగా పాతుకుపోయింది.

2002లో పద్మశ్రీ వచ్చింది. అంధత్వ నివారణకు పనిచేసే అంతర్జాతీయ సంస్థకు అధ్యక్షుడిగా కూడా ఉన్నారు. వాటిని ఒక్క వాక్యంలో చెప్పేసి, మిగతా సమయమంతా ఆ పిరమిడ్‌కే ఇవ్వండి. వీలైతే వెళ్ళేముందు ఒక విజన్ సెంటర్‌కు వెళ్ళి, అక్కడ పనిచేసేవాళ్ళతో మాట్లాడి రండి. మీ జూనియర్లు కచ్చితంగా ప్రశ్నలు అడుగుతారు.