జిరోనా విమానాశ్రయం లెక్క తీసేటప్పుడు

చిరంజీవి అమ్మడుకి మామయ్య ఆశీస్సులు.

మాస్టర్స్ ప్రాజెక్టుకు స్పెయిన్‌లోని జిరోనా-కోస్తా బ్రావా విమానాశ్రయం తీసుకున్నావని తెలిసి సంతోషించాను. బార్సిలోనాలో ఉంటున్నావు కదా అని అక్కడి పెద్ద విమానాశ్రయం ఎల్ ప్రాట్ నెత్తికెత్తుకుంటే లెక్కల్లో మునిగిపోయేదానివి. జిరోనాలో ఒకే టెర్మినల్, 2,400 మీటర్ల ఒకే రన్‌వే, ప్రయాణికుల్లో సింహభాగం ఒకే ఎయిర్‌లైన్‌ది. నోట్‌బుక్కు పట్టుకుని ఒక్క మనిషి నాలుగైదు రోజుల్లో చూసి రాగలిగినంత చోటు. కాని నువ్వు పంపిన ప్లాను మొదటి పేజీలోనే ‘ఏడాదికి ఇంతమంది, టెర్మినల్ ఇంత పెద్దది, కాబట్టి సౌకర్యాలు సరిపోతున్నాయి’ అని తేల్చేశావు. ఆ వాక్యం కొట్టెయ్. జిరోనాలాంటి చోట ఏడాది మొత్తం చూస్తే ఏమీ తెలియదు, రద్దీ గంట చూడాలి.

ముందు చరిత్ర. ఈ విమానాశ్రయం 1967లో తెరిచారు, కోస్తా బ్రావా బీచ్‌లకు వచ్చే చార్టర్ విమానాల కోసం. 2002లో ప్రయాణికులు అయిదున్నర లక్షలు. చౌక టికెట్ల ఎయిర్‌లైన్ రయన్ఎయిర్ వచ్చాక 2003లో 14 లక్షలు దాటారు, 2004కి సుమారు 30 లక్షలు, 2008కి 55 లక్షలకు పైన. బార్సిలోనాకు దాదాపు 90 కిలోమీటర్ల దూరంలో ఉన్నా, టికెట్ల మీద బార్సిలోనా పేరు పెట్టి అమ్మిన ఫలితం అది. 2010 సెప్టెంబరులో అదే ఎయిర్‌లైన్ ఎల్ ప్రాట్‌లోనే బేస్ పెట్టుకుంది. 2010లో 48 లక్షలు ఉన్న సంఖ్య 2011కి 30 లక్షలకు పడింది, 2016కి 17 లక్షల లోపుకు జారింది. 2019లో 19 లక్షల పైచిలుకు. ఈ గ్రాఫ్ గీసి ఊరుకోకు. దాని పక్కనే ఆ ఎయిర్‌లైన్ వాటా ఎంతో ఇంకో గీత గియ్యి. రెండూ కలిసి లేచి కలిసి పడతాయి. 2025లో వల్లడోలిడ్, హెరెజ్ విమానాశ్రయాల నుంచి ఇదే కంపెనీ తప్పుకోవడం నువ్వూ పేపర్లలో చూసే ఉంటావు. ఇలాంటి చోట ‘ఏటా 4 శాతం పెరుగుతుంది’ అన్న అంచనాకు విలువ లేదు. వాళ్లు ఒక విమానం తెచ్చి పెడితే ఎంత, తీసుకుపోతే ఎంత అని రెండు లెక్కలు విడివిడిగా వెయ్యి.

గణాంకాలు స్పెయిన్ విమానాశ్రయాలు నడిపే సంస్థ ఆయెనా వెబ్‌సైట్‌లో నెలనెలా దొరుకుతాయి: విమానాశ్రయం వారీగా, ఎయిర్‌లైన్ వారీగా, గమ్యం వారీగా. దించుకున్నాక నాలుగుచోట్ల కాలు జారుతుంది. మొదటిది, అక్కడ ‘ప్రయాణికులు’ అంటే వచ్చినవాళ్లూ వెళ్లినవాళ్లూ కలిపి. సెలవులకు వచ్చి వెళ్లిన ఒక్క మనిషి రెండుసార్లు పడతాడు. పర్యాటకుల సంఖ్యతో పోల్చాలంటే వచ్చినవాళ్ల కాలమ్ ఒక్కటే తియ్యి. రెండోది, కొత్త నెలల అంకెలు తాత్కాలికమైనవి, తర్వాత సవరిస్తారు. ఏ తేదీన దించుకున్నావో ఫైలు పేరులోనే రాసుకో. మూడోది, ‘ఆపరేషన్లు’ కాలమ్‌లో ప్రయాణికుల విమానాలే కాక శిక్షణ విమానాలు, ప్రైవేటు విమానాలు కూడా ఉంటాయి. మొత్తం ప్రయాణికుల్ని మొత్తం ఆపరేషన్లతో భాగిస్తే విమానానికి ఉన్నదానికంటే బాగా తక్కువమంది వచ్చి, అన్నీ సగం ఖాళీగా ఎగురుతున్నాయని రాసేస్తావు. కమర్షియల్ ఆపరేషన్లు వేరు చేసి భాగించు.

నాలుగోది ఈస్టర్. 2024లో మార్చి 31న వచ్చింది, 2025లో ఏప్రిల్ 20న. మార్చిని మార్చితో పోల్చితే ఒక ఏడు కూలిపోయినట్టు, ఇంకో ఏడు ఎగిరిపడినట్టు కనిపిస్తుంది. మార్చి, ఏప్రిల్ కలిపే పోల్చాలి. ఇంకో మెలిక కూడా ఉంది. వేసవి షెడ్యూల్ మార్చి చివరి ఆదివారం మొదలై, అక్టోబరు చివరి ఆదివారానికి ముందురోజు ముగుస్తుంది. కాబట్టి ఆ రెండు నెలల్లోనూ రెండు సీజన్లు కలిసి ఉంటాయి. జిరోనాలో శీతాకాలానికీ వేసవికీ పోలికే ఉండదు కనుక, సగటు నెల అనే మాట నీ రిపోర్టులో ఎక్కడా రాకూడదు.

ఇక రద్దీ గంట. అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ పాత సూత్రం ఒకటుంది: 10 లక్షల నుంచి కోటి మంది దాకా ఉండే విమానాశ్రయానికి ఏడాది సంఖ్యలో 0.05 శాతాన్ని రద్దీ గంటగా తీసుకోమంటుంది. 20 లక్షలకు 1,000 మంది. మొదటి అంచనాకు పనికొస్తుంది, అంతకుమించి నమ్మకు. ఏడాది రాకపోకలు వేసవిలోనే కుక్కుకుపోయిన చోట ఆ శాతం తక్కువ చూపిస్తుంది. చాలామంది ప్లానర్లు ఏడాదిలో 30వ అత్యంత రద్దీ గంటను ప్రమాణంగా తీసుకుంటారు. నువ్వు ఆగస్టు వారం ఒకటి ఎంచుకుని, ప్రతి విమానం షెడ్యూల్ సమయం ఎక్సెల్‌లో వేసి, 60 నిమిషాల వ్యవధిని 5 నిమిషాల చొప్పున జరుపుకుంటూ పోయి ఎక్కువ సీట్లు పడ్డ గంట పట్టుకో. 7 నుంచి 8, 8 నుంచి 9 అని గడియారపు గంటలు తీసుకుంటే 7:40, 7:55, 8:10 విమానాలు రెండు డబ్బాల్లోకి విడిపోయి రద్దీ మాయమవుతుంది. విద్యార్థుల రిపోర్టుల్లో చాలావాటిలో ఇదే తప్పు.

సీట్లు లెక్కపెట్టేటప్పుడు విమానం రకం చూడు. రయన్ఎయిర్ 737-800లో 189 సీట్లు, కొత్త మాక్స్ 8-200లో 197. వేసవిలో 93 శాతం నిండుతాయని పెట్టుకో. ముప్పావుగంటలో మూడు పాతరకం విమానాలు వెళితే 567 సీట్లు, 527 మంది.

ఈ 527 మందీ ఎప్పుడొస్తారన్నది భద్రతా తనిఖీ దగ్గర తేలుతుంది, అసలు పని అక్కడే. మామూలు తనిఖీ లైను ఒకటి గంటకు 150 మందిని పంపుతుందని మొదలుపెట్టు. కాగితం మీద రెండు లైన్లు సరిపోయినట్టే ఉంటుంది, ఎందుకంటే జనం రెండు గంటల పొడుగునా సమానంగా వస్తారని ఊహిస్తాం. జిరోనాలో అలా రారు. బార్సిలోనా ఎస్తాసియో దెల్ నోర్ద్ బస్ స్టేషన్ నుంచి వచ్చే సగాలేస్ బస్సుల వేళలు విమానాల్ని బట్టి పెడతారు. గంటంబావు ప్రయాణం చేసి బస్సు ఆగగానే యాభై మంది ఒక్కసారి దిగుతారు. రెండు బస్సులు, నాలుగు టాక్సీలు, బీచ్ హోటళ్ల నుంచి ఒక టూర్ బస్సు కలిసి 15 నిమిషాల్లో 140 మంది వచ్చారనుకో. రెండు లైన్లు ఆ పావుగంటలో 75 మందిని పంపుతాయి, 65 మంది మిగులుతారు. చివరి మనిషికి 13 నిమిషాల నిరీక్షణ, సహించొచ్చు. అదే ఒక్క లైనే తెరిచి ఉంటే మిగిలేది 103 మంది, నిమిషానికి రెండున్నర మంది చొప్పున 41 నిమిషాలు. గేటు బయలుదేరే టైముకు 20 నిమిషాల ముందే మూసేస్తారు. అప్పుడు మొదలవుతుంది పరుగు. హాలు మాత్రం 55 లక్షల మందిని చూసినదే, చోటుకు కరువు లేదు. రెండో లైను దగ్గర మనిషిని ఏ నిమిషానికి నిలబెట్టారన్నదే ప్రశ్న.

దీన్ని ఎలా కొలవాలో చెబుతాను. క్యూ చివర కనిపించేలా బయటివైపు ఒక కుర్చీ చూసుకో. ప్రతి 5 నిమిషాలకు మూడు అంకెలు: క్యూలో ఎంతమంది, ఎన్ని లైన్లు తెరిచారు, ఆ 5 నిమిషాల్లో లోపలికి ఎంతమంది వెళ్లారు. అయిదేసి గీతలకు ఒక కట్ట చొప్పున కాగితం మీదే గియ్యి. ఫోన్‌లో టైప్ చేసేలోగా ఇద్దరు ముగ్గురు దాటిపోతారు, పైగా భద్రతా తనిఖీ వైపు ఫోన్ తిప్పితే కెమెరా అనుకుని పోలీసు వచ్చి అడుగుతాడు. ఫొటోలు తియ్యనే వద్దు. నిరీక్షణ తెలియాలంటే క్యూలో ఉన్నవాళ్లను నిమిషానికి దాటేవాళ్లతో భాగించు, సరిచూసుకోవడానికి గంటకు ఇద్దరిని, ఎర్ర టోపీ మనిషినో పసుపు సంచి మనిషినో, గుర్తుపెట్టుకుని గడియారంతో కొలువు. రెండింటికీ మూడు నిమిషాలకు మించి తేడా వస్తే నీ లెక్కింపులో తప్పుంది.

మనుషులతో పాటు ట్రేలు కూడా గమనించు. ఫిబ్రవరిలో కోటు, స్వెట్టరు, బూట్లు అంటూ మనిషికి రెండు మూడు ట్రేలు పోతాయి. ఆగస్టులో కోట్లుండవు కాని పిల్లల పాల సీసాలు, సన్‌స్క్రీన్ డబ్బాలు వెనక్కి తీసి వెతకాల్సి వస్తుంది. అందుకే శీతాకాలంలో కొలిచిన వేగాన్ని వేసవికి వాడొద్దు. ట్రేలు చూడాలంటే నువ్వూ లైనులోకి వెళ్లాలి కదా, దానికి చౌక టికెట్ ఒకటి కొనుక్కో. లోపలి గేట్లు, కుర్చీలు, టాయిలెట్లు కూడా అప్పుడే చూడొచ్చు. షెంగెన్ దేశానికే, అంటే మధ్యలో పాస్‌పోర్టు తనిఖీ లేని యూరప్ దేశాల్లో ఒకదానికే కొను. మనకు లండన్‌కు వీసా కావాలి, మొరాకోకూ కావాలి. ఆన్‌లైన్ చెకిన్ ముందే చేసుకుని, నివాస కార్డుతో పాటు పాస్‌పోర్టు పెట్టుకెళ్లి, ఎయిర్‌లైన్ కౌంటర్‌లో పత్రాల తనిఖీ ముందే ముగించు. మనలాంటి యూరప్ బయటి పాస్‌పోర్టుల వాళ్లకు అది తప్పదు. సంచిలో అమ్మ పంపిన ఆవకాయ ఉందేమో చూసుకో, 100 మిల్లీలీటర్ల నియమానికి అదీ ద్రవమే.

పాస్‌పోర్టు తనిఖీకి వేరే పేజీ కేటాయించు. బ్రిటన్, ఐర్లండ్, మొరాకోలాంటి షెంగెన్ బయటి దేశాల విమానాలే ఈ క్యూలోకి వస్తాయి. 2025 అక్టోబరు 12 నుంచి యూరప్‌లో ఈఈఎస్ అనే కొత్త ప్రవేశ నమోదు విధానం మొదలైంది. యూరోపియన్ యూనియన్, షెంగెన్ దేశాలకు బయటి పౌరులు కొద్దిరోజులకు వస్తే తొలిసారి ముఖం ఫొటో, వేలిముద్రలు తీసుకుంటారు. బ్రిటిష్ పర్యాటకులంతా ఇందులోకి వస్తారు. ఐర్లండ్ వాళ్లు యూరోపియన్ యూనియన్ పౌరులు కాబట్టి పాస్‌పోర్టు చూపిస్తే చాలు, అందుకే డబ్లిన్ విమానం, మాంచెస్టర్ విమానం ఒకే పరిమాణంలో ఉన్నా క్యూ ఒకేలా కదలదు. నాలుగు కౌంటర్లు, 180 మంది, మనిషికి 45 సెకన్లు అయితే చివరివాడు 34 నిమిషాలకు బయటపడతాడు. 90 సెకన్లయితే 67న్నర నిమిషాలు. ఈ సెకన్లు ఉదాహరణకు చెప్పినవి, నీ అంకె నువ్వే కొలుచుకో, తొలిసారి నమోదయ్యేవాళ్లను, రెండోసారి వచ్చేవాళ్లను విడిగా. దీని దెబ్బ బెల్టు దగ్గర కూడా కనిపిస్తుంది: సామాను ముందే వచ్చేసి గుండ్రంగా తిరుగుతుంటుంది, మనుషులు రారు. ఈలోగా తర్వాతి విమానం సామాను అదే బెల్టు మీదికి వస్తుంది. బెల్టు చిన్నదని రాసేముందు పాస్‌పోర్టు క్యూ చూసి రా.

వీల్‌చైర్ సేవను ఆయెనా ‘సిన్ బర్రేరాస్’ అంటుంది. యూరప్ చట్టం ప్రకారం ఇది విమానాశ్రయం బాధ్యత, ఎయిర్‌లైన్‌ది కాదు. 48 గంటల ముందు అడగాలి. ఎంతమంది ముందు అడిగారు, ఎంతమంది అక్కడికొచ్చి అడిగారు అన్నది తెలిస్తే సిబ్బంది ఎందుకు చాలడం లేదో తెలుస్తుంది. ఆ అంకె కావాలంటే కాలేజీ లెటర్‌తో మెయిల్ పెట్టి అడగాల్సిందే. టాయిలెట్లకు ఒక్క మాట చాలు: రెండు విమానాలు కలిసి దిగినప్పుడు బెల్టుల పక్కనున్న ఆడవాళ్ల వైపు క్యూ లెక్కపెట్టు. మిగతా వేళల్లో చూస్తే అన్నీ ఖాళీగానే ఉంటాయి.

బయట రవాణా సంగతి. రైలు లేదు. బార్సిలోనా, ఫిగేరెస్ మధ్య 2013 జనవరిలో మొదలైన హైస్పీడ్ లైను విమానాశ్రయం పక్కనుంచే పోతుంది కాని అక్కడ ఆగదు. స్టేషన్ కట్టాలన్న ప్రతిపాదన ఎప్పటినుంచో ఉంది. దాన్ని భవిష్యత్తు అధ్యాయంలో పెట్టు, ఇప్పటి సౌకర్యాల్లో కలపొద్దు. బార్సిలోనా నుంచి జిరోనా వైపు వచ్చే ఏపీ-7 మోటార్‌వే టోలు 2021 ఆగస్టు చివర్లో ఎత్తేశారు కాబట్టి, అంతకుముందు సర్వేల్లో కార్లలో వచ్చేవారి శాతం ఇప్పుడు పనికిరాదు. బస్సులో ఎంతమంది ఎక్కుతున్నారో నువ్వే స్టాపు దగ్గర నిలబడి లెక్కపెట్టు. ముఖ్యంగా రాత్రి చివరి విమానం ఆలస్యమైన రోజున బస్సు ఉందా, పోయిందా చూడు. ఒక్క ఆలస్యంతో నూరు మంది టాక్సీ క్యూలోకి మారిపోతారు.

వెళ్లాల్సిన రోజులు: ఆగస్టులో ఒక శనివారం, ఒక మంగళవారం, నవంబరులో ఒక శనివారం. విమానాల షెడ్యూల్ వెళ్లేముందు రాత్రి మళ్లీ దించుకో, వారం కిందటిది నమ్మకు. నీ మొదటి రోజు అంకెలు దిద్దకుండా అలాగే ఫొటో తీసి నాకు పంపు.

నీ పెద్దమామయ్య