‘డిడ్ నాట్ వెంట్’ అంటే కొంపలేం మునగవు

ప్రశ్న: మా అమ్మాయి బీకామ్ ఆఖరి సంవత్సరం. పదో తరగతి దాకా తెలుగు మీడియం. టెన్సులన్నీ అప్పజెబుతుంది, మాట్లాడితే మాత్రం ‘ఐ డిడ్ నాట్ వెంట్’ అంటుంది. ఎన్నిసార్లు సరిదిద్దినా అంతే. మొన్న క్యాంపస్ ఇంటర్వ్యూలో నోరే విప్పలేదట. ద్వారకానగర్‌లో 90 రోజుల స్పోకెన్ ఇంగ్లీష్, యాక్సెంట్ కోర్సులో చేర్చమంటారా? ఆన్‌లైన్ క్లాసులు చాలా? – ఒక తండ్రి, గాజువాక

జవాబు: ఇంట్లో నోరు తెరిచిన ప్రతిసారీ మీరు అడ్డం పడుతుంటే, ఇంటర్వ్యూలో ఎలా తెరుస్తుందండీ? మీ మెయిల్లో మొదటి లైను ‘ఐ యామ్ హేవింగ్ ఒన్ డాటర్’. విషయం నాకు అర్థమైంది, చదువుకుంటూ పోయాను. ఆ పాటి ఓపిక పిల్ల దగ్గర కూడా చూపించండి.

టెన్సుల పట్టికలు వదిలేద్దాం, అవి తనకి వచ్చు. చిక్కంతా డూ, హేవ్ లాంటి రోజువారీ క్రియలతోనే. ‘నేను వెళ్ళలేదు’ అంటాం. ‘వెళ్ళాను లేదు’ అనం కదా! జరిగిపోయిందన్న సంగతి ‘లేదు’ మోస్తోంది, ముందున్న ‘వెళ్ళ’ ఉత్తదే. ఇంగ్లీషులో ఆ బరువు ‘డిడ్’ మోస్తుంది, కాబట్టి వెనక ‘గో’ చాలు. ‘వెంట్’ అంటే ఒకే సామాను ఇద్దరితో మోయించినట్టు. ‘ఐ డిడ్ నాట్ డూ’లో డూ రెండుసార్లు వచ్చినా ఇదే లెక్క: మొదటిది మోసేది, రెండోది పని చేసేది.

ఇక మీ ‘హేవింగ్’. ‘నాకు ఒక కూతురు ఉంది’ అంటాం, ‘ఉంటోంది’ అంటే ఎవరింట్లోనో ఉంటోందనుకుంటారు. కూతురు ఉండటం జరుగుతున్న పని కాదు, అందుకే ‘ఐ హేవ్’. భోజనం జరుగుతున్న పనే, కాబట్టి ‘ఐ యామ్ హేవింగ్ లంచ్’ దర్జాగా అనొచ్చు.

ఇలాంటి చోట పిల్లలు తడబడటం వింతేం కాదు. ఇంగ్లీషులో ఎక్కువగా వాడే బీ, హేవ్, డూ, సే, గో, గెట్, మేక్ లాంటివి ఒక్కటీ జరిగిపోయిన పని చెప్పడానికి మామూలు దారిలో చివర ‘ఈడీ’ (-ed) చేర్చుకోదు. జనం నోళ్ళలో రోజూ నానేవి కాబట్టే పాత రూపాలు చెరిగిపోలేదు. మనకీ నోట్లో నానితేనే వస్తాయి.

యాక్సెంట్ కోర్సుల మీద నాకు మొదట్నుంచీ అనుమానమే. నేనూ ఒకప్పుడు కొందరిని పంపాను. నాలుక తిప్పడం నేర్చుకుని వచ్చారు, ‘డిడ్ వెంట్’ని ఇంకాస్త స్టైలుగా అన్నారు. ‘తెలుగులో ఆలోచించొద్దు’ అని గోడ మీద రాసిపెట్టే చోట్లంటే నాకు మరీ చిరాకు. పైన ‘వెళ్ళలేదు’ లేకుండా నేను ‘డిడ్’ ఎలా చెప్పేవాణ్ణి?

కోర్సా, ఆన్‌లైనా అన్నారు. ఏదైనా ఒకటే, గంటలో మీ అమ్మాయి ఎన్ని నిమిషాలు మాట్లాడుతుందో అడగండి. నలభై మంది బ్యాచ్ అయితే నిమిషంన్నర కూడా రాదు. మాట్లాడించేవాళ్ళు దొరికితే చేర్చండి, ద్వారకానగర్‌లో అయినా ఫోన్లో అయినా. తొందరేం లేదు, అకౌంట్స్ వచ్చిన పిల్లని ఒక్క ‘వెంట్’ కోసం ఎవరూ గెంటేయరు.

ఈలోపు ఒక పని. రాత్రి భోజనాల దగ్గర, పొద్దున్నుంచి ఏం చేసిందో పది నిమిషాలు ఇంగ్లీషులో చెప్పమనండి. ‘డిడ్ నాట్ వెంట్’ వచ్చినా సరే, మీరు తల ఎత్తకుండా అన్నం కలుపుకోండి.